నేతి ముద్దలు ఆయనకు, ఉపవాసాలు ఆవిడకు

పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు పుట్టకపోతే, మీ ఇంట్లో ముందు ఎవరిని పరీక్షకు పంపుతారు? ఆడమనిషినే కదూ?

1974లో బెజవాడ గవర్నరుపేటలో ఒక డాక్టరుగారి దగ్గర నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. కంకిపాడు పక్క పల్లె నుంచి రాఘవయ్య అనే రైతు, ఆయన భార్య సుశీల, ఆయన తల్లి వచ్చారు. సుశీలకు చెయ్యని పరీక్ష లేదు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అయినా వారంలో సగం ఉపవాసాలు ఆవిడకే. రాఘవయ్యకు మాత్రం పూటపూటా నేతి ముద్దలు, వనస్పతిలో వేయించిన గారెలు, పడుకోబోయే ముందు నేతిలో కలిపిన లేహ్యం. నెయ్యి తింటే వీర్యవృద్ధి అని తల్లి నమ్మకం. వృద్ధి అయింది పొట్ట ఒక్కటే.

ఈలోగా మైలవరంలో రెండో సంబంధం చూస్తున్నారు. చట్టం ఒప్పదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు.

డాక్టరుగారు రాఘవయ్యకు సెమెన్ అనాలిసిస్ రాశారు. వీర్యంలో కణాలు ఎన్ని ఉన్నాయో, ఎలా కదులుతున్నాయో మైక్రోస్కోపులో చూసే పరీక్ష అది.

"మగాడికి పరీక్షేంటండీ?" అంది తల్లి.

"పిల్లలు ఇద్దరికీ కలిపి కదండీ పుట్టేది," అన్నాను.

రెండుసార్లు చూశాను. కౌంట్, అంటే కణాల సంఖ్య, బాగా తక్కువ. ఉన్నవి కూడా మందకొడిగా కదులుతున్నాయి. రాఘవయ్య సరేనన్నాకే డాక్టరుగారు ముగ్గురి ముందూ విప్పి చెప్పారు. "ఒంటికి కొవ్వు కావాలి. హద్దు మీరితే వీర్యానికీ చేటే. వనస్పతి మానెయ్యి, నెయ్యి తగ్గించు, రోజూ నడువు. దీంతోనే పిల్లలు పుడతారని మాత్రం మాటివ్వను."

తల్లి కొడుకు వైపు తిరిగింది. "అయితే ఇన్నాళ్లూ నెయ్యి చాల్లేదన్నమాట. రేపట్నించి ఇంకో గరిటె వేస్తా."

నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోగా సుశీల అందుకుంది. "మైలవరం పిల్లని నేతి డబ్బాతో సహా రమ్మనండి అత్తయ్యా. ఉపవాసాలు ఆ అమ్మాయి ఉంటుంది, నెయ్యి మీ అబ్బాయి తింటారు."

రాఘవయ్య తల వంచుకున్నాడు. "అమ్మా, ఆ మైలవరం కబురు ఆపెయ్. లోపం నాది," అన్నాడు.

తర్వాత పిల్లలు పుట్టారా అని అడుగుతారు. మనవాళ్లకు అదొక్కటే కావాలి. నాకు తెలియదు. సంబంధం వదులుకున్నామని, సుశీల రెండు పూటలా అన్నం తింటోందని, మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు రాఘవయ్యే చెప్పాడు.

ఒకరి కడుపు మాడ్చి ఇంకొకరి పొట్ట పెంచడానికి మనం పెట్టుకున్న పేరు ఆచారం. చిన్న గాజుపలక మీది చుక్క తేల్చే నిజానికి భయపడి, ఒక మనిషిని ఇంట్లోంచి గెంటడానికి సిద్ధపడ్డాం. ఆ భయానికి మగతనం అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

మీ ఇంట్లో అలాంటి కోడలు ఉందా? ఆవిడ చేత ఇంకొక్క ఉపవాసం చేయించకండి. అన్నం పెట్టండి. రేపు మీ అబ్బాయిని ల్యాబుకు పంపండి.