గ్రూప్ ఫోటోలో ఖాళీ

నేను నర్సుగా చేసిన న్యూజెర్సీ ఆసుపత్రిలో, ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గదిలో ఒక మెక్సికో అమ్మాయి పనిచేసేది. ఎనభైల మొదట్లో మాట. ఫిల్ములు కడగడం జీతం కోసం, మనసంతా సొంత కెమెరా మీదే. ఊరు వదిలి వచ్చేటప్పుడు ఇంట్లో ఫోటోల డబ్బా అక్కడే ఉండిపోయిందట. అమ్మమ్మ మొహం గుర్తు రావడం లేదని, అందుకే ఎవరి కుటుంబాలు ఎక్కడ గుమిగూడినా వెళ్ళి ఫోటోలు తీస్తున్నానని చెప్పేది. లైబ్రరీ హాల్లో తన మొదటి ప్రదర్శన పెట్టబోతోంది, దానికి ఒక పెద్ద గ్రూప్ ఫోటో కావాలంది. నా బుద్ధి గడ్డి తిని, తెలుగువాళ్ళ పిక్నిక్‌కి తీసుకెళ్ళాను.

మా పిక్నిక్‌లలో కొత్త మొహం కనిపిస్తే ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు. అప్పటికీ తేలకపోతే గొంతు తగ్గించి “మనవాళ్ళేనా?” అంటారు. కులం అన్న మాట నోట రానివ్వరు, మహా మర్యాదస్తులు! ఆ గొంతులోని జిడ్డు తలుచుకుంటే నాకిప్పటికీ వెగటే. నన్ను మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. నా మెడలో సిలువ చూసి, “బాగున్నారా సిస్టర్” అని పక్కకు తప్పుకునేవారు.

పొద్దుటి నుంచీ ‘మనవాళ్ళు’ అన్న మాట వినీ వినీ, అర్థమేమిటని ఆ అమ్మాయి నన్ను అడిగింది. “మన మనుషులు అని,” అన్నాను. అబద్ధమేం కాదు. ఆమె మొహం వెలిగిపోయింది. ఇలాంటి మాట కోసమే ఇన్నాళ్ళూ వెతుకుతున్నానంది. నాకు జాలేసింది.

పులిహోరలూ పెరుగన్నాలూ అయ్యాక, కెమెరాను స్టాండుకి బిగించి, బెంచీ ఎక్కి, రెండు చేతులూ ఊపుతూ కేక పెట్టింది: “మనవాళ్ళూ! రండి!”

అందరూ పకపకా నవ్వారు. నవ్వుతూనే లేచి వచ్చారు. అసోసియేషన్ సెక్రటరీ డాక్టరు గారు ఎడమవైపు నిలబడి, “ఇటు రండి, మనవాళ్ళంతా ఇక్కడ అడ్జస్ట్ అవుదాం,” అన్నాడు. అంతే, ఆయన వాళ్ళు ఆయన చుట్టూ చేరారు. ఆయనంటే పడని ఇంజనీరు గారి వాళ్ళు కుడివైపు సర్దుకున్నారు. మధ్యలో పచ్చగడ్డి మిగిలింది. ఆ గడ్డిలో, కెమెరా సంచి పట్టుకుని నేను. ఇటు రమ్మని ఏ వైపు నుంచీ ఒక్క చెయ్యి లేవలేదు. అమ్మాయి బెంచీ దిగి, ఒక్క క్షణం ఆగి, బటన్ నొక్కేసింది.

నాకు రోత పుట్టింది. వీళ్ళు ఆఫీసుల్లో తెల్లవాళ్ళు తమను చిన్నచూపు చూస్తున్నారని ఆ మధ్యాహ్నమే పళ్ళు కొరికినవాళ్ళు. నేను వండి తెచ్చిన పాయసం మూత కూడా తీయకుండా అలాగే ఉంది. పారబోసి ఇంటికొచ్చాను.

ప్రదర్శనకి సెక్రటరీ గారు భార్యతో వచ్చాడు. గోడ మీద ఫోటో చూసి మురిసిపోయాడు. అమ్మాయి పక్కనే ఉన్నా నాతోనే మాట్లాడాడు, తెలుగులో.

“ఫోటో సూపర్‌గా వచ్చింది సిస్టర్. మధ్యలో ఆ ఖాళీ కట్ చేసేసి, రెండు సైడ్సూ జాయిన్ చేసి ఇమ్మనండి. మన అసోసియేషన్ సావనీర్ కవర్ మీద వేద్దాం. అమ్మాయి పేరు కూడా ప్రింట్ చేస్తాం.”

అన్నది అన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. ఆమె పేరు అప్పటిదాకా ఎక్కడా అచ్చు కాలేదు. ఒప్పుకుంటే ఆమెను తప్పు పట్టలేను, కానీ ఒప్పుకుంటుందేమోనని నాకు భయం వేసింది.

ఆమె ఫోటో వంక చూసింది, నా వంక చూసింది. “ఖాళీ ఎక్కడుంది? అక్కడ నువ్వున్నావు కదా,” అంది.

అది కూడా ఆయనకు తెలుగులో చెప్పాను, తాపీగా.

“అయ్యయ్యో, మీరా సిస్టర్! నోటీస్ చేయలేదండీ. అయితే మిమ్మల్ని ఏదో ఒక సైడ్ అతికించమందాం.”

“ఏ సైడ్, డాక్టరు గారూ?”

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎడమవైపు చూశాడు, కుడివైపు చూశాడు. “కమిటీలో డిస్కస్ చేస్తాం లెండి,” అన్నాడు.

ఆ యేడు సావనీర్ అట్ట మీద పూర్ణకుంభం బొమ్మ వేశారు.