ఎండ తాగిన సిపాయి ముఖం

మా పొరుగింటి అవ్వ పోయిన మంగళవారం కన్నుమూసింది. కళ్యాణదుర్గంలో ప్రార్థన కూటంలో వాక్యం చెప్పి రాప్తాడులో బస్సు దిగీదిగకముందే చెప్పినారు. ఆ అవ్వ సంగతి మీకందరికీ చెప్పాల, నా తప్పుతో సహా.

అవ్వకున్న ఆస్తి ఒక్క ఫోటో. వాళ్ళ నాయన తెల్లదొరల పటాలంలో సిపాయి. ఎనభై ఏండ్ల కిందట రంగూను ఓడ ఎక్కేముందు బళ్ళారిలో తీయించుకున్నాడంట. మళ్ళీ రాలేదు. అప్పటికి అవ్వ ఉయ్యాల్లో బిడ్డ. ఆమె ఎరిగిన నాయన ఆ అట్ట మీది ముఖమే.

పదేండ్ల కిందట అవ్వ తన ఇంట్లో ప్రార్థన పెట్టమనింది. నేనప్పుడు నిప్పు. బడి మొహం చూడలేదు, బైబిలు వాక్యంలోనే అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. ఎదురుగోడన కుంకుమబొట్టు పెట్టిన ఫోటో చూస్తూనే లేచి నిలబడినా.

"దీని ముందర మోకరించను. బొమ్మలకు మొక్కొద్దని రెండో ఆజ్ఞ చెప్తాండ్లేదా అవ్వా?"

"మొన్న ఆదివారం తండ్రిని గౌరవించమని అరిచింది నువ్వే గదప్పా! అది యాడ పోయింది?"

కూటమంతా నవ్వింది. నాకు రోషం పొడుచుకొచ్చింది. అవ్వే మెత్తబడింది. బొట్టు తుడిచి, ఫోటోను మా వీపుల వెనక, వాకిలి ఎండ పడే గోడకు తగిలించింది. "ఆడుంటే నీ దేవునికి అడ్డం లేదు గదా?"

గెలిచినాననుకున్నా.

మా ఎండ సంగతి మీకు తెలుసు. వానలు మొహం చాటేసిన ఏండ్లలో అది ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది. రోజూ సాయంత్రం ఆ ముఖాన్ని గుక్కెడు గుక్కెడుగా తాగింది. అవ్వ కండ్లకు పొరలు కమ్మి ఆమెకు కనపడలేదు. నాకు కనపడింది.

ప్రార్థన అయినాక, "వాక్యం చదివినట్లే మా నాయననూ చదువప్పా," అనేది. అబద్ధాల నాలుకల మీద గంటలకొద్దీ ఉరిమినవాణ్ణి. కోటూ బూట్లూ తప్ప ఏమీ మిగలని ఆ కాగితం చూస్తా, "మీసం మెలితిరిగి ఉండాదవ్వా, కండ్లు నీవే," అని చదివేవాణ్ణి. ఆమె వల్ల నా గొంతు తగ్గింది. చుట్టుపక్కల చెవులన్నిటికీ మేలే.

పోయిన నెల ఒక సాయంత్రం ఏమి తోచిందో, "నవ్వుతాండాడవ్వా," అన్నా.

ఆ ముఖంలో నవ్వు లేదని అవ్వకు తెలుసు.

"కదలొద్దని మెడ వెనక ఇనుపకడ్డీ పెట్టి నిలబెట్టినారంటప్పా," అనింది. "నవ్వేదానికి ఇప్పటికి తీరిందేమో."

గోడ తడుముకుంటా లేచి, ఆ ఫోటో గాజు మీద చెంప ఆనించింది.

"వెచ్చగుండాడు," అనింది. ఎండ గడప దాటి పోయేదాకా అట్లే నిలబడింది.