బావగారి చేతికి డూపు

మొన్న ఒక ఆర్ట్ డైరెక్టరు ఫిల్మ్ నగర్‌లో మా అక్క ఇంటికి వచ్చి గుమ్మంలోనే బేరం మొదలెట్టాడు. "అక్కా, పాత వీడియో గేమ్ మీ తాన ఉన్నదంట గదా. మా సెట్టుకు కావాలె. జర కిరాయికి ఇయ్యుండ్రి." అక్క "అది పనిచెయ్యదండీ" అంది. "పనిచెయ్యకున్నా మంచిదే, కెమెరాకు కనబడితే చాలు" అన్నాడతను. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడికి కూడా కాఫీ ఇవ్వకుండా పంపని మా అక్క, మరో మాట లేకుండా తలుపు వేసేసింది.

ఆ యంత్రం మా బావగారిది. మద్రాసు రోజుల్లో ఒక కెమెరామాన్ సింగపూర్ నుంచి తెచ్చి ఇచ్చాడు. దాన్ని అటక మీంచి దింపిన రోజు జూబ్లీహిల్స్ కొండ ఒక అంగుళం కిందికి కుంగిందని నా గట్టి నమ్మకం. దులిపిన దుమ్మును పోగేసి ఉంటే బంజారాహిల్స్ పక్కన ఇంకో గుట్ట లేచేది, ప్లాట్లు వేసి అమ్ముకునేవాళ్లం. దానికి ఆడించే పెట్టెలు రెండు. ఒక్కో పెట్టె మీద పైన జాయ్‌స్టిక్, కింద రేడియో సౌండు పెంచేలాంటి గుండ్రటి నాబు. కొన్ని ఆటలకు స్టిక్కు, కొన్నిటికి నాబు. రెండు పెట్టెల తీగలూ జడపాయల్లా కలిసి యంత్రంలో ఒకే కన్నంలోకి దూరేవి.

బావగారు ఫిల్మ్ ఎడిటరు. డూపును దాచడంలో ఆయనకు ఆయనే సాటి. మేడ మీంచి దూకబోయేది హీరో, కింద పడేది డూపు, లేచి చొక్కా దులుపుకునేది మళ్లీ హీరో. ఆ మధ్య అతుకు డూపును కన్నతల్లికి కూడా కనబడేది కాదు. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. చేతిలో ఉన్న సినిమాను వేసవి చివరిదాకా ఆపుతానన్నాడు నిర్మాత. ఆలోగా చెయ్యి రావాలి, లేకపోతే ఇక ఆయన్ను పిలిచేవాళ్లు లేరు.

బోరబండ నుంచి వచ్చే ఫిజియోథెరపిస్టు ఆ యంత్రాన్ని చూసి సంబరపడ్డాడు. "సార్, గిదే ఆడుండ్రి. స్టిక్కుతోని మణికట్టు వస్తది, నాబుతోని వేళ్లు వస్తయి. ఫికర్ చెయ్యకుండ్రి."

బావగారు టీవీ ముందు కుర్చీలో, ఆయన వెనక సోఫాలో అక్క రెండో పెట్టె ఒళ్లో పెట్టుకుని, "తర్వాతి వంతు నాది" అంటూ. మొదట్లో తెర మీది బొమ్మ గోడలకు గుద్దుకునేది. నెల తిరిగేసరికి సందులన్నీ తిరిగి, దయ్యాలను తప్పించుకుని, మా వీధి ఆటోవాళ్లు సిగ్గుపడేలా పరుగెత్తింది. బావగారు టీ అడగడం మొదలెట్టారు. నన్ను తిట్టడమూ మొదలెట్టారు. "ఏమోయ్ బావమరిదీ, నీకు రెండు చేతులూ పనిచేస్తాయి కదా, ఇన్నాళ్లూ ఏం పొడిచావ్?" ఆ తిట్టు విని అక్క వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. నాబుతో ఆడే బంతి ఆట మాత్రం పెట్టనిచ్చేది కాదు. "అది చూస్తే నాకు కళ్లు తిరుగుతాయండీ" అనేది.

సోమవారం నుంచి పనికి వస్తానని బావగారు నిర్మాతకు మాటిచ్చేశారు. ఆదివారం మధ్యాహ్నం, అక్క వంటింట్లో ఉండగా, సరదాకి బంతి ఆట పెట్టారు. నాబు మీద వేళ్లు ఉన్నాయి గానీ తిరగలేదు. బంతి పడిపోయింది. మళ్లీ పడింది. ఆయన పాత ఆట పెట్టి స్టిక్కు పట్టుకున్నారు. బొమ్మ కదల్లేదు. కాసేపు దాన్నే చూసి, ఎడమచేత్తో సోఫాలోని అక్క పెట్టె అందుకుని స్టిక్కు వంచారు. బొమ్మ పరుగెత్తింది. రెండు స్టిక్కులకూ కదిలే బొమ్మ ఒకటే, నాబులే దేనికవి.

"ఇలా రావే" అని పిలిచారు. అక్క తడిచేతులతో వచ్చింది.

"ఇన్నాళ్లూ నా చేతికి డూపువి నువ్వా?"

"గెలిచిన రోజే మీరు కడుపునిండా తిన్నారండీ."

"అతుకు బాగా కలిసింది. నాకే తెలియలేదు" అన్నారు బావగారు. జోకులు వెయ్యడమే వృత్తిగా బతికిన నేను లేచి టీవీ కట్టేశాను. ఆయన ఎడమచేత్తో నిర్మాతకు ఫోను చేశారు. "వేరేవాళ్లకి ఇచ్చెయ్యండి సార్. చెయ్యి రాలేదు."

ఆ తర్వాత ఆయన టీ అడగలేదు. నన్ను తిట్టనూ లేదు. మరుసటి వేసవికి ఆయన లేరు.

అక్క ఆయన పోయిన రోజు గురించి మాట్లాడదు. ఆ వేసవి గురించి మాత్రం వచ్చినవాళ్లందరికీ చెబుతుంది, చెయ్యి బాగైపోయినట్టే చెబుతుంది. పిసరంతను పర్వతం చేసి అమ్ముకునేవాణ్ణి, నేనూ తల ఊపుతాను. ముప్ఫయ్యేళ్ల కాపురంలోంచి ఆమె దగ్గర మిగిలిన కాలం అదొక్కటే, దాన్ని కత్తిరించడానికి నాకు చేతులు రావు.