ఇన్‌స్పెక్టర్ గారి వంటింటి కిటికీ

మా అమ్మకు పోలీసులంటే భయం. అయినా ఏళ్ల తరబడి సాగుతున్న ఒక పోలీసు సీరియల్‌ను మాత్రం వదలదు. అందులో హంతకుడు ఎవరన్నది ఆమెకు అక్కర్లేదు. ఇన్‌స్పెక్టర్ స్టేషన్‌లో ఉన్నంతసేపూ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంటుంది. అతను ఇంటికొచ్చాడంటే చేతిలో పని ఆపి టీవీకి అతుక్కుపోతుంది. చూసేది అతన్ని కాదు, అతని ఇంటిని.

అమ్మ పుణ్యమా అని ఆ ఇంట్లో నేనూ సగం జీవితం గడిపాను కాబట్టి చెబుతున్నాను, అది ఇల్లు కాదు, మోసం. అక్కడ బాత్‌రూమ్ ఎక్కడుందో ఇంతవరకూ ఎవరూ చూడలేదు. మేడ మీదికి మెట్లున్నాయి, పైన ఏముందో దేవుడికే తెలియాలి. అంతమంది తింటారు, ఒక్కరూ గిన్నె తోమరు. కుటుంబమంతా ఒకే వైపు తిరిగి కూర్చుంటుంది. రెండో వైపు అసలు గోడే లేదని నా అనుమానం.

నాన్న మణుగూరు వైపు బొగ్గు గనిలో రిటైరయ్యాక, క్వార్టర్ ఖాళీ చేసి ఖమ్మంలోని ఖానాపురం హవేలిలో ఇల్లు మొదలుపెట్టాం. అమ్మ ఒక్కటే అడిగింది. వంటింటి గోడకు పెద్ద కిటికీ పెట్టాలి, అది హాల్లోకి తెరుచుకోవాలి, పొయ్యి దగ్గర నిలబడితే వీధి తలుపు కనబడాలి. ఇన్‌స్పెక్టర్ వాళ్ల అమ్మకు అలాగే ఉంది మరి.

"ఎవలన్న కిటికీ బయటికి పెడ్తరు గానీ ఇంట్లకు పెడ్తరా?" అన్నాడు నాన్న.

మేస్త్రి మాత్రం సంబరపడిపోయాడు. అతనూ ఆ సీరియల్ బాధితుడే. "అవ్ అక్కా, నాకెర్కే. పక్కన పూలకుండీ గూడ ఉంటది," అంటూ టేపు తీశాడు.

గృహప్రవేశమైన మర్నాడు అమ్మ పప్పుకు పోపు పెట్టింది. మా ఖమ్మం మిరపకాయ సంగతి ఇన్‌స్పెక్టర్ కుటుంబానికి తెలియదు. వాళ్ల పొయ్యి మీద ఏళ్లుగా ఉడుకుతున్నది ఉత్త నీళ్లే అయ్యుండాలి. నూనెలో ఎండుమిర్చి పడగానే ఘాటంతా కిటికీలోంచి హాల్లోకి దిగింది. ఇంకా వెళ్లని చుట్టాలు దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ రోడ్డు మీద పడ్డారు. కొత్త ఇంటి ముందు అంతమంది కన్నీళ్లు చూసి పక్కింటివాళ్లు పరామర్శకు వచ్చారు.

నాన్న మళ్లీ మేస్త్రిని పిలిపించాడు. ఇటుకలు, సిమెంటు దిగాయి. నాకూ సంతోషమే, నేను కూర్చునే సోఫా ఆ కిటికీ కిందే ఉంది.

"టీవీ సోకులు ఇగ చాలు. మూసెయ్," అన్నాడు నాన్న.

అమ్మ పొయ్యి ముందు నుంచి కదల్లేదు. "సోకు గాదు. క్వార్టర్‌ల వంటిల్లు ఎన్కకుండె. షిఫ్ట్ అయినంక తలుపు సప్పుడైతే, నువ్వే వచ్చినవో, నీ గురించి కబురే వచ్చిందో, తలుపు తీసేదాంక తెల్వకపోయేది. రోజూ గంతే. గా టీవీల ఆమె పొయ్యి కాడ్నుంచే కొడుకు మొఖం చూస్తది."

మేస్త్రి తాపీ కింద పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది. ఈసారి మిరపకాయల తప్పేం లేదు. నాన్న కాసేపు ఇటుకల వంక చూసి, వాటితో పెరట్లో బట్టలుతికే గట్టు కట్టమన్నాడు.

ఇప్పుడు పాల ప్యాకెట్ కోసం వెళ్లొచ్చినా సరే, నాన్న చెప్పులు విడిచి గుమ్మంలో ఆగుతాడు. అమ్మ పొయ్యి దగ్గర తలెత్తి, "వచ్చినవా?" అంటుంది.

"వచ్చిన," అంటాడు. ఆ తర్వాతే లోపలికొచ్చి దగ్గడం మొదలుపెడతాడు.