పదకొండింటికి కూసిన పన్నెండు గంటల సైరన్

దయారత్నం గారు దినపత్రికను చివరి పేజీ నుంచి మొదలుపెడతారు. దేశం సంగతులు చూడడానికి ఆయనకు తొందరేమీ లేదు. ఆ మంగళవారం, డ్రైనేజీ మరమ్మతుల వార్తకూ వధువు కావలెను ప్రకటనకూ నడుమ ఇరుక్కుని ఒక చిన్న వార్త కనపడింది. సనత్‌నగర్‌లో ఏనాడో మూతబడిన ఫ్యాక్టరీని కూలగొడుతున్నారట. షెడ్డు మీది సైరన్‌ను పాత ఇనుము కింద లారీలో వేసుకుపోయారట.

ఆ సైరన్ మీట నొక్కినవారు దయారత్నం గారే. టైమ్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరయ్యారు. ఫ్యాక్టరీలో ఆయన మాట ఎవరూ వినేవారు కాదు. కానీ ఆయన మీట నొక్కితే బల్కంపేట దాకా పొయ్యిల మీది అన్నం దిగేది. మంత్రులకు సైతం ఇంత అధికారం లేదని ఆయన వినయంగా నమ్మేవారు.

ఈ కబురు ఎవరికైనా చెప్పాలి. చెప్పవలసిన మనిషి, భార్య జీవమణి, సమాధుల తోటకు వెళ్లి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. అమీర్‌పేటలో ఒక హాస్టల్ మేడ మీది ఒంటి గదిలో ఆయన ఉంటున్నారు. కింద హాస్టల్ నడిపే వీర్రాజుకు పేపరు చూపించారు.

"సైరనా? ఫైర్ అలారం పెట్టమని మళ్లీ నోటీసొచ్చిందా ఏంటి సార్?" అని వీర్రాజు కంగారుపడ్డాడు. కాదని తెలిశాక పేపరు తిరిగి ఇచ్చేశాడు.

పాస్టర్ గారికి ఫోన్ చేశారు. "అయ్యో అంకుల్, తప్పకుండా ప్రార్థనలో పెడదాం," అన్నారాయన. సైరన్ ఆత్మశాంతికి అంతకు మించిన ఏర్పాటు సంఘంలో లేదు.

ఇక మిగిలింది మెట్రో వంతెన కింద ఆకుకూరలమ్మే మంగవ్వ.

"గోంగూర ఉందా మంగవ్వా?"

"పుంటికూర ఉన్నది సారూ."

ఒకే ఆకుకు రెండు పేర్లతో, ఏళ్ల తరబడి వారి సంభాషణ ఇంతే. ఆ రోజు దయారత్నం గారు సంప్రదాయాన్ని ఉల్లంఘించి పేపరు చాపారు. "సనత్‌నగర్ ఫ్యాక్టరీ సైరన్ తీసేశారట."

మంగవ్వ చేతిలో కట్ట ఆగిపోయింది. "గా కూతదా? మా ఆయన పోచయ్య గా ఫ్యాక్టరీలనే పని చేసిండు సారూ, కొలిమి కాడ. గా కూత ఇని బువ్వ కట్టుకపోతుంటి."

దయారత్నం గారికి ఎవరో కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టయింది.

"ఓపాలి ఏమైందెర్కనా? కొత్త సంవత్సరం నాడు పన్నెండింటి కూత పదకొండింటికే కూసింది! బువ్వ పలుకు మీదున్నది. గట్లనే కట్టుకొని ఉరికిన. గేటోల్లేమో టైము కాలేదని ఎవ్వల్నీ బయటికి ఇడువలేదు. గేటు కాడ గంట సేపు నిలబడ్డ. మా ఆయన గా పలుకు బువ్వ తినుకుంట ఒకటే నవ్వుడు... గిప్పుడు ఆయన లేడు. గా మీట ఒత్తినోని చేతులిరగ!"

"పెద్ద వెధవ అయ్యుంటాడు," అన్నారు దయారత్నం గారు నిష్పక్షపాతంగా.

ఆ వెధవ ముందురోజు రాత్రంతా చర్చిలో సంవత్సరాంతపు ఆరాధనలో ఉన్నాడు. పొద్దున టైమ్ ఆఫీసులో కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి, గడియారంలో లేని గంటను చూశాడు. ఫ్యాక్టరీ మెమో ఇచ్చి ఊరుకుంది. జీవమణి ఊరుకోలేదు. రోజూ క్యారేజీ చేతికిస్తూ, "ఇవాళ పన్నెండు ఎన్నింటికండీ?" అనేది. ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేక నాలుగేళ్లయింది.

"నేనే" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. చెబితే మంగవ్వ నొచ్చుకుంటుంది, "తప్పైంది సారూ" అంటుంది, ఇక ఎన్నడూ తిట్టదు. ఆయన గోంగూర తీసుకుని వచ్చేశారు.

మర్నాడు మళ్లీ వెళ్లారు. నిన్నటి కట్ట విప్పకుండానే గదిలో వాడుతోంది.

"ఆ కూత సంగతేంటి మంగవ్వా, ఇంకోసారి చెప్పు."

"నిన్ననే చెప్పిన గద సారూ!" అంటూనే మంగవ్వ మొదలుపెట్టింది. ఈసారి గేటు కాడ రెండు గంటలు నిలబడింది. ఎండ సుత ముదిరింది.

ఆ లెక్క తప్పు అని సాక్ష్యం చెప్పగల అధికారి భూమ్మీద ఆయన ఒక్కరే.

"రెండు గంటలా! పాపం," అన్నారు దయారత్నం గారు. "తర్వాత?"