ఎర్ర రంగు పొట్లం

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడలో ఒక చిన్న తలుపు ఉండేది. దానికి గొళ్లెం ఉందన్న సంగతే నాకు తెలియదు, ఎవరూ వేయగా చూడలేదు. అవతల పక్కింటి అక్క ఉండేది. వాళ్లది మగ్గం నేసే ఇల్లు, మాది కిరాణా దుకాణం. వాళ్లు మాంసం తింటారు, మా ఇంట్లో ఉల్లిపాయ తరిగినా నాయనమ్మ మూతి ముడుచుకునేది. అయినా పొద్దున్నే నాకు జడ వేసేది అక్కే. బతుకమ్మకు రెండిళ్ల గునుగు పూలకూ రంగులద్దేదీ అక్కే. అమ్మ కంటే ఆమె దగ్గరే నాకు చనువెక్కువ.

ఆ ఏడు పండుగకు కాస్త ముందు అక్క భర్త దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. ఆయన తెచ్చిన డబ్బాలోంచి ఎర్రగా మెరిసే మిఠాయి బిళ్లలు తీసి అక్క నా గుప్పిట్లో పోసింది. చప్పరిస్తూ ఇంటికొచ్చేసరికి, కాలేజీలో చదివే మా చిన్నాన్న నా ఎర్రటి నాలుక చూసి నవ్వాడు. బయటి దేశాల్లో తినే వస్తువుల్లో ఎరుపు కోసం ఒక రకం పురుగులను ఎండబెట్టి నూరి కలుపుతారట, ఎక్కడో చదివాడట. నేను తిన్న బిళ్లల్లో అది ఉందో లేదో ఆయనకూ తెలియదు. మా నాయనమ్మకు మాత్రం ఆ మాట చాలు.

నాచేత ఉప్పునీళ్లు పుక్కిలింపించింది. నాలుకకు పసుపు రుద్దింది. అక్కడితో ఆగినా బాగుండేది. "మన తిండి సంగతి ఎరిగుండి గూడ పొల్లకు పురుగులు పెట్టిందంటే, దాని మనసుల ఏమున్నదో ఎవలకెరుక" అంది. ఆ మాట గోడ అవతలికీ వినబడే ఉంటుంది. ఆ మధ్యాహ్నమే తలుపుకు గొళ్లెం పడింది.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. నిరుడు అక్క ఇచ్చిన సకినాలు ఏ మూకుడులో వేయించిందో అని నాయనమ్మ ఇప్పుడు ఆరా మొదలుపెట్టింది. ఎప్పుడో అరిగిపోయిన సకినాలవి! నా సంగతి ఇంకా ఘోరం. ఎరుపు కనబడితే వణుకు. ఎవరో పెళ్లివారు పంపిన జిలేబీ ముట్టలేదు, కుంకుమ పెట్టించుకోవడానికి కూడా భయపడ్డాను. కడుపులో ఏదో పాకుతున్నట్టే ఉండేది. దానికంటే బాధ పెట్టింది వేరే ఉంది. అక్క తెలిసే పెట్టిందా? అడుగుదామంటే తలుపు మూసి ఉంది.

ఇదంతా మా తాతయ్య దుకాణం గద్దె మీంచి చూస్తూనే ఉన్నాడు. ఒక శుక్రవారం నాయనమ్మ పట్టుచీర కట్టుకుని మడిగా వంట చేసి, పూజ ముగించి ఆయనకు వడ్డించబోయింది. తాతయ్య విస్తరి పక్కకు జరిపాడు.

"నువ్వు పెడితే నేను తిన. పురుగులను ఉడకబెట్టి తీసిన దారంతోని నేసిన చీర కట్టినవు. చేతికి లక్క గాజులేసినవు, లక్క గూడ చెట్టు మీది పురుగులదే. నాకెందుకో నీ మీద అనుమానమైతుంది."

నాయనమ్మ తెల్లబోయింది. పట్టు మడి కాదా అని ఎదురడిగింది.

"మడే. మన పురుగైతే మడి, పక్కింటి పురుగైతే మైల!"

ఆయన నిజంగానే తినకుండా దుకాణంలోకి వెళ్లిపోయాడు. నాయనమ్మ కూడా తినలేదు. గాజులు అటూ ఇటూ తిప్పుకుంటూ చాలాసేపు కూర్చుంది. సాయంత్రం గొళ్లెం చప్పుడు విని నేను పరుగెత్తాను. నాయనమ్మ తలుపు దగ్గర నిలబడి, "బిడ్డా, ఈ యేడు పూలకు రంగులద్దవా?" అని అడుగుతోంది. తప్పయిందని చెప్పడం ఆమెకు చేతకాదు.

మర్నాడు అక్క ఎర్రటి గునుగు కట్టతో వచ్చింది. ఎప్పుడూ గాలిలా లోపలికొచ్చే మనిషి గడప అవతలే ఆగింది. రెండో చేతిలో చింపిన ఖాళీ కాగితం పొట్లం ఉంది.

"పెద్దమ్మా, గిది మీ దుకాణంల కొన్న రంగే. పొట్లం గూడ తెచ్చిన, చూస్కో."

గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది. నాయనమ్మ ఆ పొట్లం తీసుకుని, చూడకుండానే తీసుకెళ్లి పొయ్యిలో వేసింది. మళ్లీ వచ్చి అక్క చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుంది. నాయనమ్మ కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి.

అక్క మళ్లీ నాకు జడలు వేసింది. కానీ ఆ తర్వాత తినడానికి ఏది ఇచ్చినా, "మీ నాయనమ్మను అడిగి తిను" అనేది. ఆ మాట చివరిదాకా మానలేదు.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. దుకాణంలో ఏది కొన్నా వెనక్కి తిప్పి చీమ తలంత అక్షరాలు చదువుతాను. ఆ అనుమానం నాకు పోలేదు, పోవాలనీ లేదు. అయితే ఎవరైనా తమ ఇంట్లోంచి గిన్నె పట్టుకొస్తే మాత్రం అందులో ఏముందని అడగను. వాళ్లు గడప మీద ఉండగానే మూత తీసి నోట్లో వేసుకుంటాను. ఇంకెవరి చేతిలోనూ ఆ ఖాళీ పొట్లం చూడలేను.