పచ్చ లైటు ఆగేదాకా

హైవే మీద అల్లం లారీ వెళ్లినప్పుడల్లా మా ల్యాబు కిటికీలోంచి పచ్చి అల్లం వాసన వస్తుంది. అరచేతిలో పట్టే ఈ చిన్న కంప్యూటరు వేడెక్కిన వాసన దానికి తోడైతే చాలు, నాకు సువర్ణ మేడం గుర్తొస్తారు. ఈ శనివారమూ అంతే. ఇప్పుడు నన్నూ మేడం అని పిలిచే కొత్త బ్యాచి పిల్లలు చూస్తుండగా మెమరీ కార్డులో సిస్టమ్ ఎక్కించి, ప్రోగ్రాములు రాసే పైథాన్ పెడుతున్నాను. నెట్ నత్తనడక నడుస్తోంది. నిజం చెప్పాలంటే నాకు ఓపిక అయిపోయింది. ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీదే ఈ ఉద్యోగం చేసి చేసి విసిగిపోయాను. సోమవారం నుంచి రాకూడదని నిర్ణయించుకున్నాను. ఎవరికీ చెప్పదలచుకోలేదు. ఇక్కడ చాలామంది అలాగే మానేస్తారు, ఫోను ఎత్తకపోతే సరిపోతుంది.

నేను ఇదే పాలిటెక్నిక్‌లో చదువుకునేటప్పుడు ఈ ల్యాబు ఆవిడ చూసేవారు. బీదర్ వైపు నుంచి వచ్చి జహీరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం. కోపమొస్తే కన్నడంలో గొణుక్కునేవారు. మాకు అర్థమయ్యేది కాదు కాబట్టి భయమూ ఉండేది కాదు. ఆవిడ పద్ధతి ఒక్కటే మాకు ప్రాణసంకటంగా ఉండేది. సిస్టమ్ ఎక్కుతున్నంతసేపూ తెర ముందు నుంచి కదలనిచ్చేవారు కాదు. పైకి జరిగిపోయే ప్రతి వరసా చదవమనేవారు. ఎక్కడ ఆగిందో చూడకపోతే ఎందుకు ఆగిందో ఎలా తెలుస్తుందని ఆవిడ వాదన. చాయ్ తాగొస్తామన్నా వినేవారు కాదు.

మాది ఝరాసంగం దగ్గర పల్లె. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు గనుక, మా నాన్న పొలం నుంచి ఇంటికి బయల్దేరేటప్పుడు మోటారు ఫ్యూజులు పీకి జేబులో వేసుకునేవాడు. క్లాసులో చాలామందిమి అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. గంట కొట్టగానే కంప్యూటరు తీగ కూడా అలాగే పీకి లేచేవాళ్లం. ఒకరోజు అలా పీకితే కార్డు పాడైపోయింది. అల్లం మడిలో తడి ఎంతుందో చెప్పే మా ప్రాజెక్టు మొత్తం అందులోనే ఉంది. మర్నాడే పరీక్షకు బయటి కాలేజీ సార్లు వస్తున్నారు.

మేడం తిట్టలేదు. అప్పటికే ఆవిడకు ఒంట్లో బాగుండటం లేదు, పాదాలు వాచి ఉండేవి. కొత్త కార్డు తీసి, ప్రాజెక్టు మొదటి నుంచీ మళ్లీ రాసేదాకా మాతోపాటు కూర్చున్నారు. అంతా మళ్లీ నడిచాక, నేను తీగ పీకబోతుంటే నా చెయ్యి పట్టుకుని, కార్డు పక్కన మినుకుమంటున్న పచ్చ లైటు చూపించారు.

"గిది మీ బాయికాడి మోటరు కాదు బిడ్డా. ఆపుతున్ననని ముందుగాల దానికి చెప్పాలె. సగంల ఉన్న పని సదురుకుంటది. పచ్చ లైటు ఆగినంకనే తీగ తియ్యి."

పరీక్ష గట్టెక్కింది. కొన్నాళ్లకు ఆవిడ సెలవు పెట్టారు. ఇక రారని ఆఫీసులో అనుకుంటుండగా, ఒక పొద్దున భర్త చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లెక్కి ల్యాబుకి వచ్చారు. ఏ కార్డు మొండికేస్తుందో, ఏ తీగ వదులైందో కొత్తగా వచ్చిన సారుకు దగ్గరుండి చూపించారు. తర్వాత మా వైపు తిరిగారు.

"రేపటి సంది నేను రాను. దవాఖానల చేరుతున్న. మీకు చెప్పకుంట పోవుడు నాకు మంచిగనిపియ్యలే."

మా ఫలితాలు రాకముందే ఆవిడ పోయారు. ఆ రెండు మాటలు చెప్పడానికి అంత నొప్పితో ఎందుకు వచ్చారో అప్పుడు నాకు అర్థం కాలేదు. ఫోను చేస్తే సరిపోయేది కదా అనుకున్నాను.

పైథాన్ ఎక్కేసరికి గంట కొట్టారు. పిల్లల చేతులు అప్పుడే తీగల మీదికి వెళ్లాయి. ఆగమన్నాను. ఎలా ఆపాలో చెప్పాను, వాళ్లు అలాగే చేశారు. నా బ్యాగు భుజానే ఉంది, తలుపూ దగ్గరే ఉంది. అయినా వాళ్ల వైపు తిరిగాను. సోమవారం నుంచి నేను రానని చెప్పేశాను.

ముందు వరసలో కూర్చున్న, రాయికోడ్ నుంచి వచ్చే పిల్ల నా ముఖంలోకి చూసింది.

"మరి మాకెవలు చెప్తరు మేడం?"

చాలా అలసటగా అనిపించింది, సిగ్గుగానూ అనిపించింది. బల్ల మీద పచ్చ లైటు ఇంకా మినుకుమంటూనే ఉంది. బ్యాగు దించి కూర్చున్నాను. అది ఆగేదాకా వాళ్లూ లేవలేదు, నేనూ లేవలేదు.